నాలుగో మూల

నీళ్ల మావయ్య కొత్త బండి వెనక చక్రంలో గాలి పోయి, దాన్ని నీళ్ల క్యాన్లతో సహా ఈడ్చుకుంటూ వచ్చి అక్క షెడ్డు ముందు నిలబెట్టిన దగ్గర కదా కిందటి వారం మనం ఊపిరి బిగబట్టుకుని ఆగాం. సరిగ్గా ఆ క్షణానికి తమ్ముడి నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ మాట ఏమిటో మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

తమ్ముణ్ణి బజారంతా నునుపు మేస్త్రి అంటారు. జుట్టు నెరిసేదాకా అతను పనిచేసింది ఒక పెద్ద సైకిళ్ల కంపెనీలో. ఆ సైకిళ్లు కూరలు తెచ్చుకోవడానికి పనికొచ్చేవి కావు. సెలవు రోజు పొద్దున్నే బిగుతు బట్టలు తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లే పని లేకపోయినా చాలా తొందరగా వెళ్లేవాళ్ల సైకిళ్లు అవి. ఎంత తేలికంటే, ఒక పెద్దమనిషి తన సైకిల్ని భుజాన వేసుకుని మేడెక్కి, ఎక్కాక కిందే మరిచిపోయానేమోనని మళ్లీ దిగొచ్చి వెతుక్కున్నాడట. ఇంకొకాయన గట్టిగా తుమ్మితే సైకిల్ పక్కవీధిలో దొరికిందట. వాటి ఫ్రేముల మీద అతుకన్నది కంటికి కనబడకుండా, వేలికి తగలకుండా నునుపు చేయించడం తమ్ముడి కొలువు.

అలాంటి కంపెనీకి ఒకనాడు మేడ దిగి కిందికి వద్దామని బుద్ధి పుట్టింది. డబ్బున్నవాళ్లు కొనాల్సినవన్నీ కొనేశారు. ఇక మిగిలింది నీళ్ల క్యాన్లు, సిమెంటు బస్తాలు, కూరల బుట్టలు మోసి బతికేవాళ్లే. వాళ్ల కోసం బ్యాటరీతో నడిచే బరువు బండిని చవకలో దింపారు. దానికి నమూనా కట్టింది తమ్ముడు. అలాంటి బండ్లనే ఏళ్ల తరబడి తన రేకుల షెడ్డులో కట్టుకుని పొట్ట పోసుకుంటున్నది అతని తోడబుట్టిన అక్క. ఆ సంగతి ఆమెకు తన నోటితో చెప్పాలని వచ్చాడు. చెప్పేలోపు బండే వచ్చింది.

అక్క బండిని చూసింది. తమ్ముణ్ణి చూసింది. రేకుల మీద మధ్యాహ్నం ఎండ పడి షెడ్డంతా కుంపటిలా ఉంది. వెల్డింగు వెలుగుకు ఎర్రబడ్డ కళ్లను మోచేత్తో తుడుచుకుని, కింద కూర్చోబోతూ ఒకసారి మోకాలు పట్టుకుని, చక్రం విప్పడానికి బోల్టు ఎక్కడుందా అని చూసింది.

ఎక్కడా లేదు. కంపెనీవాళ్లకు బోల్టు బయటికి కనబడటమంటే నలుగురిలో లాగు జారినంత అవమానం. చెవిదిద్దు పారేసుకున్నదానిలా ఆమె బండి చుట్టూ తిరిగి తిరిగి తడిమింది. చివరికి నీళ్ల మావయ్యే జాలిపడి, ఆ పక్కన ఒక మూత ఉంటుందని, దాన్ని గోటితో గిల్లాలని చూపించాడు. చూపించి, ఆ మూతను తనే కనిపెట్టినంత దర్జాగా బెంచీ మీద కూర్చున్నాడు.

మావయ్య మన బజారుకంతటికీ వరసలేని మావయ్య. కొండవాలు వీధిలోని ఇళ్లన్నిటికీ తాగే నీళ్లు మోస్తాడు. కొత్త బండి వచ్చినప్పటినుంచీ అతని నోటికి వేరే పని లేదు. ఆ వాలు ఎక్కుతుంటే వెనకనుంచి ఎవరో మంచి అల్లుడు వంగి తోస్తున్నట్టు ఉంటుందన్నాడు. తన సొంత అల్లుడు ఏనాడూ తోసిన పాపాన పోలేదని కూడా కలిపాడు. పాత బండిలో సగం క్యాన్లు మోసేవాణ్ణని, ఇప్పుడు రెండు వరసలు పేర్చి, పైన ఇంకో వరస కట్టుకుని ఎక్కేస్తున్నానని చెప్పాడు. ఆ పాత బండి అక్క కట్టిందేనని చెబుతూ చెబుతూ గుర్తుకొచ్చి, అది కూడా మంచిదేలే అమ్మాయ్ అని సర్దుకున్నాడు. ఒక్కటే తొందర అతనికి. బడి వదిలితే ఆ వాలు నిండా పిల్లలే ఉంటారు, ఈలోగా ఎక్కేయాలి.

అక్క ట్యూబుకు అతుకు వేసి, గాలి కొట్టి, చక్రం ఎక్కించింది. ఎవరి బండైనా సరే, ఇచ్చే ముందు సరుకు పెట్టే బల్లను నాలుగు మూలలా పానాతో తట్టడం ఆమెకు అలవాటు. తట్టింది. మూడు మూలలు ఖంగుమన్నాయి. నాలుగోది తడిసిన మట్టిగోడలా మొద్దుగా పలికింది. మళ్లీ తట్టింది. తర్వాత జేబులోంచి చిన్న చాకు తీసి, ఆ మూల దగ్గర రంగు మీద ఒక గీత గీసింది. రంగు కింద లప్పం పొడిపొడిగా రాలింది. గోడకు పగుళ్లు కనబడకుండా మెత్తుతారే, అదే లప్పం.

కాస్త ఆగు మావయ్యా అని అతనికి చెప్పి, తమ్ముణ్ణి రమ్మన్నట్టు తల ఊపి, లోపల వెల్డింగు తెర వెనక్కి నడిచింది.

"ఇది నీ చెయ్యే కదరా," అంది.

తమ్ముడు తల వంచేసుకున్నాడు. కట్టింది తనేనని ఒప్పుకున్నాడు. చెప్పడానికే వచ్చానన్నాడు. ఎన్నోసార్లు ఈ షెడ్డు దాకా వచ్చి, నీ మొహం చూసి వెనక్కి తిరిగానని ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"కట్టావని చూడగానే తెలిసింది. ఆ గొట్టాన్ని నాన్నలాగా వంచేది మనిద్దరమే. నేనడిగేది అది కాదు. నాలుగో మూల వదిలేశావేం?"

"వదల్లేదే."

"లప్పం కింద వెల్డింగు చుక్క ఒక్కటి తప్ప ఏమీ లేదు. వెళ్లి చూసుకో."

అతను వెళ్లలేదు. వెళ్లకుండానే అతని మొహం పాలిపోయింది.

ఇక్కడ వాళ్ల నాన్న పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఆయన బండి కట్టాడంటే బల్లకు మూడు మూలలు నిండుగా అతికి, నాలుగో మూలకు వెల్డింగు చుక్క ఒక్కటి పెట్టి అప్పగించేవాడు. తక్కువ బరువుతో ఒక వారం తొక్కి తీసుకురమ్మనేవాడు. ఏ మనిషి ఏ పక్కకు ఒరిగి తొక్కుతాడో, ఏ సరుకు ఎటు తూగుతుందో ముందు బండికి తెలియాలి. కొత్త చెప్పు కాలిని కరిచి కరిచి చివరికి కాలి మాట విన్నట్టు, బండి కూడా ఆ మనిషి కింద సర్దుకుని కూర్చుంటుంది. అప్పుడు ఆ మూల అతికితే ఇక ఏనుగు ఎక్కినా కదలదు. ఒకసారి నిజంగానే సర్కసువాళ్లు ఏనుగును తోలుకొచ్చారని, అది బండినంతా తొండంతో తడిమి చూసి, ఇకనుంచి తను నడవనని సర్కసువాళ్ల దగ్గర మొండికేసిందని ఆయన చెప్పేవాడు. ఏనుగు సంగతి ఎలా ఉన్నా, ఆ మూల అతికించుకోవడానికి తిరిగి రాని మనిషి మాత్రం ఆయన హయాంలో లేడు. రాకపోతే ఆయనే వీధి వీధీ వెతుక్కుంటూ పోయి, నడిరోడ్డు మీద బండి ఆపి, చెవి మెలేసినంత పనిచేసి తీసుకొచ్చేవాడు.

అక్కాతమ్ముళ్లిద్దరి చేతులూ ఆయన దగ్గర తయారైనవే. కంపెనీలో నమూనా కట్టేటప్పుడు తమ్ముడి చెయ్యి తన దారిన తను మూడు మూలలు అతికి, నాలుగోదానికి చుక్క పెట్టి ఆగింది. తొక్కించి చూశాక మిగతాది పూర్తి చేద్దామనుకున్నాడు. అంతలో భార్యకు కంటి ఆపరేషను వచ్చిపడింది. సెలవు పెట్టాడు. తిరిగి వచ్చేసరికి నమూనా పెళ్లికొడుకులా మెరుస్తోంది. అతని కింద పనిచేసేవాళ్లకు అతుకు కనబడిందంటే ఇంట్లో దొంగ కనబడినట్టే. వాళ్లను అలా తయారుచేసింది అతనే. నాలుగు మూలలకూ లప్పం పెట్టి, రుద్ది, మళ్లీ పెట్టి, మళ్లీ రుద్ది, రంగు కొట్టారు. ఏ మూల నిండుగా ఉందో, ఏ మూల చుక్కతో నిలబడిందో ఇక దేవుడు దిగొచ్చినా చెప్పలేడు. ఎవరో ఒకరు మిగతాది అతికే ఉంటారనుకున్నాడు తమ్ముడు. అడుగుదామనీ అనుకున్నాడు. ఆస్పత్రి కుర్చీల్లో పడుకుని పడుకుని నడుము పట్టేసిన మనిషికి పొద్దున్నే ఒక ప్రశ్న అడగడం కూడా బస్తా ఎత్తినంత పనే. రేపు అడగొచ్చులే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

కంపెనీ ఆ నమూనాను, రంగు కింద ఇనుము ఎంతుందో కూడా చూడగల మరలతో కొలిచింది. ఎక్కడ ఎంత అతకాలో ఫ్యాక్టరీలోని ఇనుప చేతులకు నేర్పింది. ఆ చేతులు బుద్ధిమంతులు. ఇదేమిటి, ఈ మూల ఇంతేనా అని ఎదురు అడిగే రకం కాదు. మూడు మూలలు నిండుగా, నాలుగో మూలకు చుక్క. బండి తర్వాత బండి, లారీ తర్వాత లారీ.

"నాన్న మళ్లీ రమ్మనేవాడు," అంది అక్క. "మీవాళ్లు ఎవర్నీ రమ్మనలేదు."

తమ్ముడు పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. ఉద్యోగం చాలించుకోవడానికి ఇంకా ఏడాది కూడా లేదు. ఆ తర్వాత ఏం చేస్తావని ఎవరు అడిగినా నిద్రపోతానని చెబుతూ వచ్చాడు. ఇప్పుడు కళ్లు మూస్తే రెప్పల వెనక బండ్లు కనబడుతున్నాయి, ఒక్కో బండి మీద ఒక్కో మనిషి, వెనక మోయలేనంత బరువు.

అక్క అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె ఇనుప గొట్టాల వెనక చెయ్యి పెట్టి, కాగితం చుట్టిన బోర్డు ఒకటి బయటికి లాగి గోడకు ఆనించింది. కాగితం చిరుగులోంచి అతనికి బాగా అలవాటైన నీలం రంగు కనబడింది. కంపెనీ రంగు. ఇకమీదట ఈ షెడ్డు ఆ బండ్లకు రిపేరు షెడ్డు. ఆ బండి వస్తోందని గోడల మీద రాతలు పడ్డప్పటినుంచీ తన దగ్గర కొత్త బండి కట్టించుకోవడానికి మనిషి రాలేదని ఆమె చెప్పింది. వేసవంతా గొట్టాలకు పట్టిన తుప్పు రుద్దుకుంటూ కూర్చున్నానంది. ఇస్త్రీ చొక్కా అబ్బాయి ఒకడు వచ్చి, మర్యాదగా మాట్లాడి, సంతకం పెట్టించుకున్నాడు. పెన్ను కూడా ఉంచుకోమన్నాడు. పెన్ను మాత్రం బాగా రాస్తోంది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు నాకు చెప్పినట్టే చెప్పాను. మన ఇంట్లో దాపరికానికేం, నిక్షేపంలా ఉంది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా ఓపిక లేక మధ్యలోనే ఆపేశారు. బయట బెంచీ కిర్రుమంది. మావయ్య గొంతు సవరించుకుని, ఎవరో ఎగువింటావిడ నీళ్ల కోసం ఫోను మీద ఫోను చేస్తోందని గాలికి చెబుతున్నట్టు చెప్పాడు.

అక్క గొంతు తగ్గించింది. రిపేరుకు వచ్చిన ప్రతి బండికీ తను చడీచప్పుడు లేకుండా నాలుగో మూల అతికేస్తానంది. పంచరుకు వచ్చినా, బ్రేకుకు వచ్చినా, ఊరికే గాలికి వచ్చినా సరే. లప్పం పెట్టడం తమ్ముడు నేర్పితే అదీ నేర్చుకుంటానంది. ఎవరికీ ఏమీ తెలియదు. అతని ఏడాదీ గడిచిపోతుంది.

ఆ మాట అతనికి నడుం కింద మెత్తటి పరుపు వేసినట్టుగా తగిలింది. ఒక్క క్షణం దాని మీద పడుకున్నాడు కూడా. అక్క చెయ్యి వేసిందంటే ఆ మూల ఇక జన్మలో విడవదు. ఈ బజారులో ఎవరికీ ఏమీ కాదు. ఆ తర్వాత లారీలు గుర్తొచ్చాయి. ఏ ఊళ్లకు పోయాయో కూడా అతనికి తెలియదు.

"మిగతా ఊళ్లలో నాకు అక్కలు లేరే," అన్నాడు.

ఆమె అతనివైపు చాలాసేపు చూసింది. చిన్నప్పుడు జ్వరం ఉందో లేదో చూడటానికి అలాగే చూసేది.

"అయితే ఫోను చెయ్యి. ఇక్కడే చెయ్యి. ఇంటికెళ్లి చేస్తానంటే నువ్వు పడుకుంటావు."

కంపెనీలో బండి బొమ్మ గీసినావిడను అందరూ గీతలమ్మ అంటారు. తమ్ముడికంటే వయసులో చాలా చిన్న, పదవిలో చాలా పెద్ద. గర్వం లేని మనిషి. ఫోనెత్తగానే అతను చెప్పాల్సింది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, బరువు బండి నాలుగో మూల మేడమ్, అని అక్కడే ఆగిపోయాడు. అక్క వినాలని ఫోను స్పీకర్లో పెట్టి గొట్టాల మీద ఉంచాడు.

"తెలుసండీ," అంది గీతలమ్మ.

తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన సంగతిని చివరిసారి చెబుతున్నట్టుగా చెప్పింది. పరీక్షల్లోనే ఆ మూల విడిపోయింది. కోసి చూస్తే చుక్క కనబడింది. ఆమె పైవాళ్ల దగ్గరికి పరుగెత్తింది. పైవాళ్లు తాపీగా విని, ఎంతకాలం ఆగుతుందని అడిగారు. బండి మీద రాసిన బరువే మోస్తే గ్యారంటీ తీరేదాకా ఆగుతుందని లెక్క తేలింది. అయితే ఇది లోపం కాదు, పొదుపు అన్నారు. బండికి ఒక మూల మిగిలింది, అన్ని బండ్ల మీదా కలిపితే అది పెద్ద మిగులు. ఆ విధంగా తమ్ముడి పొరపాటుకు కంపెనీలో ప్రమోషన్ వచ్చింది. అతనికి ఇన్నేళ్లలో రాలేదు గాని, దానికి ఒక్క రోజులో వచ్చేసింది.

"రాసినంత బరువే ఎవరు మోస్తారు మేడమ్," అన్నాడు తమ్ముడు. "అంతే మోస్తే వాళ్లకు పొట్ట గడవదు."

"నేనూ అదే అన్నాను. వినేవాళ్లు విసుక్కున్నారు. తర్వాత నాకూ విసుగొచ్చింది." గీతలమ్మ ఆగింది. "మేస్త్రి గారూ, మీ అక్కగారు రిపేరు షెడ్డుకు ఒప్పుకున్నారని విన్నాను. నిజమేనా?"

అతను అక్కవైపు చూశాడు. నిజమేనన్నాడు.

"ఆ షెడ్లను ఎందుకు కలుపుకున్నారో మీకెవరూ చెప్పి ఉండరు. ఒకసారి అక్కడ పానా తగిలిన బండికి ఆ తర్వాత ఏం జరిగినా, దాని వల్ల ఎవరికేం జరిగినా, పూచీ కంపెనీది కాదు, షెడ్డుది. సంతకంలో అదే ఉంది. ఆవిణ్ణి ఏ బండి మీదా చెయ్యి వెయ్యొద్దని చెప్పండి. ఇంకా వెయ్యలేదు కదా?"

అక్క తన చేతులవైపు చూసుకుంది. చక్రం నలుపు అరచేతుల నిండా ఇంకా ఆరలేదు.

తెర తోసుకుని ఇద్దరూ ఒకేసారి బయటికి వచ్చారు. బెంచీ ఖాళీగా ఉంది. బండి లేదు. నడుస్తుంటే పక్కనున్నవాడికి కూడా వినబడదని కంపెనీవాళ్లు గోడగోడకూ రాయించుకున్న మోటారు అది. అది ఎప్పుడు కదిలిందో లోపల వీళ్ల చెవిన పడలేదు. చక్రం ఎక్కించడం మావయ్య కళ్లారా చూశాడు. పని అయిపోయిందనుకున్నాడు. లోపల అక్కాతమ్ముళ్లు ఇంటి సంగతులేవో మాట్లాడుకుంటున్నారు, మధ్యలో కదపడం ఎందుకనుకున్నాడు. రోడ్డు చివర కొండవాలు వీధి మలుపు దగ్గర అతని జాడ లేదు. అటువైపు నుంచి బడిగంట వినబడింది.

ఎవరి దగ్గరా ఊరికే పని చేయించుకోని మనిషి మావయ్య. బండి నిలబెట్టిన చోట, పంచరు వేసినందుకని, నిండు నీళ్ల క్యాను ఒకటి దించి వెళ్లాడు.

క్యానులో నీళ్లు ఇంకా ఊగుతున్నాయి.